మోకాటి లోతు

ఎక్కండి సారూ. ఆ బల్ల మీద కాదు,
దాని కింద ఇంజనుండాది, కాలుద్ది.

చూడ్డానికేముంది మీ దీవిలో, అనడిగితిరి గదా
రేవులో, టీ తాగతా.
జవాబు తోచలా నాకు.
రోజూ మోసే ముక్కు ఎట్టుంటదో
ముక్కున్నోణ్ణి అడిగితే ఏం చెప్తాడు?

కాయితాల్లో మాది ఇప్పుడు తిరుపతి జిల్లా.
గీత గీసినోళ్ళు నీళ్ళ మీద గియ్యలేదు గదా.
మా ఇరకం జెల్లలు ఇంకా
నెల్లూరు యాసలోనే ఎదురీదతాయి.

నీలం నీళ్ళు, వరసగా కొబ్బరిచెట్లు అనుకోనొచ్చారా?
మా నీళ్ళది టీ రంగు.
చెట్లంటారా, తాళ్ళు నాలుగైదు,
అవి కూడా గాలికి భయపడి ఒకే పక్కకి తిరిగినాయి.

ఎడమ పక్క, దూరంగా తెల్లగా గీత...
నురగ కాదు.
కాస్త తాళండి, కదులుద్ది. గూడబాతులు.
వాటెనక, కడిగిన చీర ఆరేసినట్టు
పలచగా గులాబీ.
రాజహంసలు తల కిందులు పెట్టుకోని తింటా ఉంటాయి.
మీరు ఫోనెత్తినంతసేపూ ఎగరవు.
దించినాక ఎగురుతాయి.
ఎందుకో నన్నడగబాకండి.

అదిగో తూరుపున పొడుగ్గా, శ్రీహరికోట.
రాకెట్టు లేచిన రోజు
మా ఇంట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
మా చిన్నది సెంబగం గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టింది,
రాకెట్లు ఎన్ని పొయినాయో ఒక వరస,
నర్సమ్మ పడవ ఎన్నిసార్లొచ్చిందో ఒక వరస.
నర్సమ్మ వరస పొట్టిది.

అగో. పట్టేసింది.

కంగారు పడబాకండి, మునిగేదానికి నీళ్ళెక్కడివి.
ఎండలు ముదిరితే ఈ నీళ్ళకి మతిమరుపు,
దారి ఒక చోట పెట్టి ఇంకో చోట వెతుక్కుంటాయి.
దిగండి. ప్యాంటు మడవండి. మోకాటి లోతే.
బురద వెన్న, గుల్లలు కత్తులు.
కాలెత్తి వెయ్యబాకండి, జరపండి, ఇట్ట, ఇట్ట...
కింద టెంకి పడుకోనుంటే
మీరు చుట్టపుచూపుగా వచ్చారని దానికి తెలవదు.

ఆమా? ఏకొల్లోళ్ళ అంకమ్మవ్వ.
మోకాళ్ళ మీద నడస్తా, పళ్ళ మధ్య బుట్ట తాడు కరుచుకోని
రెండు చేతుల్తో బురదని తడుముతా ఉండాది.
వలా లేదు, గాలమూ లేదు.
కళ్ళు ఎటో ఉంటాయి, చూసేది వేళ్ళు.
నోట్లో తాడుండబట్టి
మీ నమస్కారానికి కనుబొమ్మల్తో బదులిచ్చింది,
తప్పు పట్టుకోబాకండి.

పక్కన కూచోమంటోంది.
చెయ్యి పెట్టండి సారూ. వాచీ తీసి.
పైన వెచ్చగా, జానెడు కిందికి పోతే చల్లగా,
ఆ రెండూ కలిసే చోట
ఊరికే ఉంచండి చేతిని.
దేన్నీ పట్టుకోవాలనుకోబాకండి.

...

అరిచారే!
రొయ్యే అది, పామేం కాదు.
పోనీండి, జారిపోయింది.
మా నాయన ఏకాంబరం నన్ను మొదటిసారి
ఈ బురదలోకి దించినప్పుడు
నేనైతే ఏడ్చినా.

అవ్వ నవ్వతా ఉండాది చూడండి, తాడు వదలకుండా.
రొయ్యలు పట్టే మనిషి నవ్వడం
ఇంత దగ్గిరగా నేను కూడా చూడలా,
నేను పడవ మీద పోతా ఉంటా గదా ఎప్పుడూ.

సరే, భుజమెయ్యండి. ఊఁ... ఇంకొంచెం...
లేచింది.

ఊళ్ళోకి పోయినాక మా ఇంటిది పీతల పులుసు పెడుద్ది,
మామిడికాయ ముక్కలేసి.
రేటడిగితే కోప్పడుద్ది,
బాగుందంటే ఇంకా పోస్తది, రెండిటికీ సిద్ధంగా ఉండండి.
తిరుగు పడవ నాలుక్కి.
చేతికంటిన ఈ వాసన మాత్రం సబ్బుకి లొంగదు.
రాత్రికి నెల్లూరు బస్టాండులో గ్లాసెత్తినప్పుడు
మీకంటే ముందు అది టీ తాగుద్ది.
పక్కనోడు అడిగితే, ఆ దీవిలో ఏముందని,
మీరే చెప్పండి. నాకు రాదు.

అవునూ, మీ ఎడమ చెప్పేది?
అవ్వ ఎత్తి చూపిస్తా ఉండాది.
ఉండండి, పడవ తిప్పుతా.